కాళ్ళకి సెలవివ్వని సైకిలు

సైకిలు మంచి ఊపులో ఉన్నప్పుడు తొక్కడం ఆపేసి, కాళ్ళు పెడళ్ళ మీద అలాగే ఉంచి, వెనక చక్రంలోంచి వచ్చే టికటికటిక చప్పుడు వింటూ పోవడం మనందరం ఎరిగిన సుఖమే. కాలవగట్టు దిగేటప్పుడో, రైల్వే బ్రిడ్జి దిగేటప్పుడో ఆ చప్పుడు కోసమే కష్టపడి ఎత్తెక్కిన రోజులు అందరికీ ఉండే ఉంటాయి. ఆ చప్పుడు చేసే ఇనప బిళ్ళ పేరు ఫ్రీవీల్. అది లేని సైకిలు ఒకటుంది. దాన్ని ఫిక్స్‌డ్ గేర్ అంటారు, ముద్దుగా 'ఫిక్సీ'. నాలుగేళ్ళుగా ఇక్కడ కువైట్‌లో నేను తొక్కుతున్నది అదే.

దాని సంగతి చాలా సులువు. మామూలు సైకిల్లో వెనకున్న పళ్ళచక్రం ఒకవైపు తిరిగితేనే బండి చక్రాన్ని పట్టుకుంటుంది, రెండోవైపు వదిలేస్తుంది. లోపల చిన్న స్ప్రింగులూ, కొక్కేల్లాంటి ముక్కలూ ఉంటాయి. ఆ చప్పుడు వాటిదే. ఫిక్స్‌డ్ గేర్‌లో ఈ గొడవేమీ లేదు. పళ్ళచక్రాన్ని నేరుగా హబ్బుకి బిగించేస్తారు. చక్రం తిరిగితే చైను తిరుగుతుంది, చైను తిరిగితే పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళు తిరిగితే మీ కాళ్ళు తిరగాల్సిందే. కాసేపు ఊరుకుందామంటే ఊరుకోనివ్వదు. వెనక్కి తొక్కితే సైకిలు వెనక్కే పోతుంది.

ఇలాంటిది మేమెప్పుడూ ఎక్కలేదు అంటారేమో. ఎక్కారు. చిన్నప్పటి మూడు చక్రాల బండికి పెడళ్ళు ముందు చక్రానికే ఉంటాయి కదా, అది అచ్చంగా ఫిక్స్‌డ్ గేరే. వెనకనుంచి అన్నయ్యో అక్కో గట్టిగా తోస్తే పెడళ్ళు గిరగిరా తిరిగిపోయి, కాళ్ళు పైకెత్తేసి కేకలు పెట్టేవాళ్ళం. అదన్నమాట. ఇంకో మాట కూడా చెప్పాలి. గేర్లు లేని సైకిళ్ళన్నీ ఫిక్స్‌డ్ గేర్లు కావు. మన హీరోలకీ అట్లాసులకీ గేరు ఒక్కటే అయినా ఫ్రీవీల్ ఉంటుంది.

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళకి పనికొస్తుంది. మోకాళ్ళు బాగున్న వాళ్ళెవరైనా ఒక్క నెల రోజులు ఫిక్స్‌డ్ గేర్ తొక్కి చూడాలి. ముందు చక్రానికి బ్రేకు పెట్టుకుని మరీ తొక్కాలి. కానీ తొక్కుతున్నాం కదా అని దాన్నొక జీవన తత్వం చేసి ఎదుటివాళ్ళకి బోధించకూడదు. కువైట్‌లో అసలే బోధించకూడదు. ఎందుకో చెప్పడానికే ఈ రాత.

కువైట్ కార్ల దేశం. ఊరు చుట్టూ ఒకదాని బయట ఒకటిగా రింగు రోడ్లు, వాటిని కోసుకుంటూ పోయే ఎక్స్‌ప్రెస్ రోడ్లు. మామూలు పెట్రోలు ధర 2016లో లీటరుకి 60 ఫిల్సు నుంచి 85 ఫిల్సుకి పెంచితే అదొక పెద్ద వార్త అయింది. అదే 2016 జూలైలో ఇక్కడి ఎడారిలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ఆసియా ఖండంలోనే అంత వేడి తక్కువ చోట్ల చూశారు. ఇలాంటి చోట సైకిలు తొక్కేవాడు రెండు రకాల మనుషుల్లో ఒకడై ఉంటాడు. చలికాలం శుక్రవారం పొద్దున్నే బిగుతు బట్టలు, హెల్మెట్టు వేసుకుని సాల్మియా నుంచి కువైట్ టవర్స్ వైపు గల్ఫ్ రోడ్డు మీద దూసుకుపోయేవాడు మొదటి రకం. కారు కొనలేక, టాక్సీ ఎక్కలేక, బస్సు దొరకక, ఏడాది పొడుగునా రోడ్డు అంచు పట్టుకుని పనికి పోయేవాడు రెండో రకం.

నేను మొదటి రకానికి దగ్గరివాణ్ణి, బిగుతు బట్టలు లేవు అంతే. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక డచ్చి ఇంజనీరు సోఫా, ఫ్రిజ్జు, మైక్రోవేవుతో పాటు ఈ సైకిలు కూడా అమ్మకానికి పెట్టాడు. సోఫా కోసం వెళ్ళి సైకిలుతో వచ్చాను. మా బిల్డింగు హారిస్ దాన్ని లిఫ్టులో ఎక్కించనివ్వడానికి వారం పట్టింది. మా ఆవిడ, "దీనిమీద జమియాకి వెళ్ళి కూరగాయలు తెస్తే, చూసినవాళ్ళు మీకు జీతం ఆపేశారనుకుంటారు" అంది. తెలుగువాళ్ళ భోజనాల దగ్గర ఒకాయన, "ఏమండీ, కారు సర్వీసింగుకిచ్చారా?" అని అడిగారు. లేదండీ, కావాలనే తొక్కుతున్నాను అంటే, పాపం నా కష్టం దాచుకుంటున్నానని అనుకున్నట్టున్నారు, ఇంకేమీ అడగలేదు.

ఇంతకీ ఫ్రీవీల్ లేని సైకిలు ఎవరో ఈ మధ్య కనిపెట్టిన వింత కాదు. మొదట్లో సైకిలంటేనే అది. జర్మనీలో కార్ల్ డ్రైస్ 1817లో తయారుచేసిన కర్ర బండికి పెడళ్ళే లేవు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవాలి. 1860ల్లో ఫ్రాన్సులో ముందు చక్రానికి పెడళ్ళు వచ్చాయి. చక్రమూ పెడలూ ఒకటే కాబట్టి, పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు. వేగం కావాలంటే చక్రాన్నే పెద్దది చేయాలి. అలా పెంచుకుంటూ పోతే మనిషెత్తు చక్రం తయారైంది, పాత బొమ్మల్లో చూస్తుంటాం. దానికి హద్దు ఎక్కడంటే తొక్కేవాడి కాలు పొడుగు దగ్గర. ముందు చక్రానికి రాయి తగిలితే మనిషి తలకిందులుగా ఎగిరి పడేవాడు.

1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజు, మధ్యలో పెడళ్ళు, వెనక చక్రానికి చైను. మనం ఇవాళ తొక్కే సైకిలు ఆకారం అదే. చైను రావడంతో చక్రాన్ని పెంచక్కర్లేకుండా పళ్ళచక్రాల సైజులతోనే వేగం సర్దుకోవచ్చు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇంత జరిగినా అప్పటికింకా మామూలు సైకిలుకి ఫ్రీవీల్ లేదు. దిగుడు వస్తే పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసి, ముందు ఫోర్కుకి బిగించిన చిన్న మెట్ల మీద పెట్టుకుని, పెడళ్ళని వాటి మానాన తిరగనిచ్చేవాళ్ళు.

ఫ్రీవీల్ ఆలోచన అప్పటికే ఉంది. అమెరికాలో విలియం వాన్ ఆండెన్ 1869లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ అది జనంలోకి రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది, 1900 ప్రాంతానికి గానీ మామూలు సైకిళ్ళకి రాలేదు. ఎందుకంటే ఫిక్స్‌డ్ గేర్‌లో మీ కాళ్ళే బ్రేకు. పెడలుని వెనక్కి అదిమితే బండి నెమ్మదిస్తుంది. ఫ్రీవీల్ పెట్టగానే ఆ బ్రేకు పోతుంది, కాబట్టి వేరే మంచి బ్రేకులు కావాలి. మన వృత్తిలో దీన్ని డిపెండెన్సీ అంటాం. సుఖం ఒకటి వచ్చిందంటే దాని వెనక భరోసా ఒకటి రావాలి. 1903లో జర్మనీలో ఎర్నస్ట్ సాక్స్ కంపెనీ తెచ్చిన 'టార్పెడో' హబ్బులో ఫ్రీవీలూ, వెనక్కి తొక్కితే పడే బ్రేకూ రెండూ కలిపే ఉన్నాయి. ఆ తర్వాత మామూలు జనం ఫిక్స్‌డ్ గేర్ వైపు మళ్ళీ చూడలేదు. చూడకపోవడం వాళ్ళ తప్పేమీ కాదు.

పందేల వాళ్ళు మాత్రం వదల్లేదు. 1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కి గేర్లంటే చిన్నచూపు. అవి 45 ఏళ్ళు దాటినవాళ్ళ కోసమని ఎద్దేవా చేసినవాడాయన. ఆయన పందెంలో చైను మార్చే డిరెయిలర్‌ని 1937 దాకా రానివ్వలేదు. అప్పటిదాకా చాలామంది వెనక చక్రానికి రెండువైపులా రెండు సైజుల పళ్ళచక్రాలు పెట్టుకుని, కొండ రాగానే దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్ళు. రోడ్డు పందేల్లో గేర్లు గెలిచాయి. వెలొడ్రోము అనే గిన్నెలాంటి ట్రాకు మీద మాత్రం ఇవాళ్టికీ ఫిక్స్‌డ్ గేరే. అక్కడ బ్రేకులు కూడా ఉండవు. ఒకడు గభాల్న బ్రేకు వేస్తే వెనకవాళ్ళందరూ పడిపోతారు, అందుకని. ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో సిటీలో గంటకి 49.431 కిలోమీటర్లు తొక్కింది ఇలాంటి సైకిలు మీదే. ఫిలిప్పో గన్నా 2022లో దాన్ని 56.792 దాకా తీసుకుపోయాడు. ఆ గంటసేపట్లో ఒక్క క్షణం కూడా వాళ్ళ కాళ్ళు ఆగలేదు, ఆగే వీలే లేదు.

జపానులో ఇంకో కథ. యుద్ధంలో దెబ్బతిన్న దేశానికి డబ్బు కావాలి. 1948లో కొకురా అనే ఊళ్ళో కేరిన్ అనే సైకిలు పందేలు మొదలుపెట్టారు. గుర్రప్పందేల్లాగా జనం వాటిమీద పందెం కాస్తారు. ఎవరూ యంత్రం బలంతో గెలవకూడదని, సైకిళ్ళ ఫ్రేములకీ భాగాలకీ కట్టుదిట్టమైన ఆమోదం పద్ధతి పెట్టారు. కోయిచి నకానో అనే కేరిన్ ఆటగాడు 1977 నుంచి 1986 దాకా వరసగా పదిసార్లు స్ప్రింటులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మనవైపు చూడాలనుకుంటే హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలొడ్రోము ఉంది. మనలో చాలామంది దాని పక్కనుంచి బస్సులో వందసార్లు వెళ్ళి, లోపల ఏం తొక్కుతారో ఎప్పుడూ చూసి ఉండరు.

సరే, చరిత్ర అయింది. ఇందులో అంత మజా ఏముందో చెప్పాలి.

మొదటిది, లెక్క. నా సైకిలుకి ముందు 46 పళ్ళు, వెనక 16. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.875 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి ఒక తొక్కుకి 6 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి 29 కిలోమీటర్లు. స్పీడోమీటరు అక్కర్లేదు, కాళ్ళే స్పీడోమీటరు. ఇంకా సరదా లెక్క ఒకటుంది. వెనక చక్రాన్ని కాళ్ళతో బిగబట్టి జారించి ఆపేవాళ్ళుంటారు. ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి జారిస్తే టైరు కొన్ని చోట్లే అరుగుతుంది. ఎన్ని చోట్ల? పళ్ళ నిష్పత్తిని గ.సా.భా.తో కుదించండి, కింద మిగిలిన అంకె అంత. 48, 16 అయితే 3, 1. అంటే ఒకే చోట అరిగి, టైరు త్వరగా చిల్లుపడుతుంది. 46, 16 అయితే 23, 8. ఎనిమిది చోట్ల. 47, 16 అయితే కుదించడానికేమీ లేదు, పదహారు చోట్ల. ఎనిమిదో తరగతి లెక్కల మాస్టారు గ.సా.భా. ఎందుకు పనికొస్తుందో చెప్పలేకపోయారు గానీ, ఇదుగో, టైరు డబ్బులు మిగలడానికి పనికొస్తుంది.

రెండోది, బిగింపులోని తెలివి. వెనక పళ్ళచక్రం కుడివైపుకి తిప్పితే బిగుసుకునే మర. తొక్కేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. మరి వెనక్కి అదిమినప్పుడు ఊడిపోదా? ఊడకుండా దాని మీద ఒక రింగు వేస్తారు. దాని మర తిరగేసి ఉంటుంది, ఎడమకి తిప్పితే బిగుసుకుంటుంది. పళ్ళచక్రం ఊడాలని చూసిన ప్రతిసారీ రింగు దాన్ని బిగబడుతుంది. ఇంత చిన్న సమస్యకి ఇంత శుభ్రమైన పరిష్కారం నేను ఏ ప్రాజెక్టులోనూ చూడలేదు. నేను చూసిన చోటల్లా దీనికి మూడు మీటింగులూ ఒక డాష్‌బోర్డూ పెట్టేవాళ్ళు.

మూడోది అసలైంది. మామూలు సైకిల్లో కబురు ఒకవైపే పోతుంది, కాలినుంచి చక్రానికి. ఫిక్స్‌డ్ గేర్‌లో చక్రం నుంచి కాలికి కూడా వస్తుంది. ఎదురుగాలి ఎంత బలంగా ఉందో, టైరులో గాలి తగ్గిందో, రోడ్డు మీద ఇసక పరుచుకుందో ముందు కాలికి తెలుస్తుంది, తర్వాత బుర్రకి. ఎడారి గాలి వెనకనుంచి తోస్తే కాళ్ళు నేను అడక్కుండానే పరిగెడతాయి. ఎదురొస్తే ప్రతి తొక్కుకీ లెక్క చెప్పాల్సిందే. సిగ్నలు దగ్గర ఆగాలంటే వంద మీటర్ల ముందునుంచే ఆలోచించాలి. మలుపులో తొక్కుతూనే తిరగాలి కాబట్టి లోపలి పెడలు నేలకి రాసుకోకుండా ఎంత వంగచ్చో తెలిసి ఉండాలి. అందుకని దీని మీద ఉన్నంతసేపు ఆఫీసు గుర్తుకి రాదు. మనసు గొప్పదై కాదు, ఖాళీ లేక.

ఇరవై ఏళ్ళుగా నేను చేసే పని పొర మీద పొర వేయడం. కింద ఏం జరుగుతోందో పైవాడికి తెలియకుండా చేయడమే మా విద్య. అది మంచిదే, అలా చేయకపోతే ఏ బ్యాంకూ నడవదు. కానీ కింద నిజంగా ఏం జరుగుతోందో తెలిసినవాడు ఇవాళ ఏ ఆఫీసులోనైనా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మధ్యలో ఏ పొరా లేని వస్తువు ఒకటి చేతికి, సారీ, కాలికి తగలడం నాలాంటివాడికి ఆరోగ్యం. బోస్టన్ దగ్గర ఒక సైకిలు కొట్లో పనిచేసిన షెల్డన్ బ్రౌన్ అనే మెకానిక్ 2008లో పోయేదాకా ఈ సైకిళ్ళ గురించి విసుగు లేకుండా రాశాడు. ఎంతోమంది ఇంట్లో కూర్చుని చక్రం బిగించుకోవడం ఆయన రాతల వల్లే నేర్చుకున్నారు. ఆయన దీన్నెప్పుడూ మతం చేయలేదు. సరదాగా ఉంటుంది, చేసి చూడండి అన్నట్టే ఉంటుంది ఆయన ధోరణి. నాకు నచ్చింది అది.

నచ్చనిది ఏమిటంటే, 2000ల్లో వచ్చిన ఫ్యాషను. న్యూయార్కులో, శాన్ ఫ్రాన్సిస్కోలో, లండన్‌లో కుర్రకారు బ్రేకులు పీకేసి, రంగురంగుల రిమ్ములేసి, బ్రేకు లేకపోవడమే పవిత్రత అన్నారు. ఇది తప్పు. ట్రాకు మీద బ్రేకు ఉండకపోవడానికి కారణం ఉంది, అక్కడ అడ్డం వచ్చేవాళ్ళు లేరు. రోడ్డు మీద పిల్లాడు అడ్డం వస్తాడు. కాళ్ళతో ఆపడం వెనక చక్రంతో ఆపడమే. బ్రేకు పడినప్పుడు బరువంతా ముందుకి వచ్చేస్తుంది కాబట్టి ముందు చక్రానికున్న పట్టు వెనకదానికి ఎప్పుడూ ఉండదు. ఇది అభిరుచికి సంబంధించిన విషయం కాదు, భౌతిక శాస్త్రం. చైను తెగితే ఆ ఉన్న కాస్తా పోతుంది. నా సైకిలుకి ముందు బ్రేకు ఉంది, దానివల్ల దాని పవిత్రత ఏమీ తగ్గలేదు.

ఆ ఫ్యాషను ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. న్యూయార్కు ఆఫీసుల మధ్య కాగితాలు చేరవేసే కొరియర్ కుర్రాళ్ళు, వాళ్ళలో కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్ళు, ఈ ట్రాకు సైకిళ్ళని రోడ్డు మీదకి తెచ్చారు. చెడిపోవడానికి ఏమీ ఉండదు, చవగ్గా నడుస్తుంది, దొంగ ఎత్తుకెళ్ళినా తొక్కలేక కింద పడతాడు. వాళ్ళకి తొక్కిన డెలివరీకే డబ్బు. 1987లో మేయర్ ఎడ్ కోచ్ పనిరోజుల్లో పగటి పూట నగరం నడిబొడ్డులో మూడు అవెన్యూల మీద సైకిళ్ళు నిషేధించబోయాడు. కొరియర్లు రోడ్డెక్కి ఎదిరించారు, కోర్టులో ఆ నిషేధం నిలవలేదు. హార్లెమ్‌కి చెందిన నెల్సన్ వేల్స్ అలా సైకిలు మీద కొరియర్ పని చేసినవాడే. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్ప్రింటులో వెండి పతకం తెచ్చాడు. కూలికి తొక్కినవాళ్ళ సైకిలు ఇరవై ఏళ్ళ తర్వాత కాఫీ కొట్ల ముందు ఫ్యాషనైంది. సైకిలుని తీసుకున్నారు గానీ, దాన్ని తొక్కినవాడి సంగతి వదిలేశారు.

ఇక్కడే కువైట్ గుర్తొస్తుంది. ఇక్కడున్న మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల వాళ్ళు. ఇళ్ళల్లో పనికీ, బిల్డింగుల పనికీ, క్లీనింగు కంపెనీల్లోకీ వచ్చినవాళ్ళు. 2010ల్లో విదేశీయులకి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వడానికి పెట్టిన షరతుల్లో నెలకి 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ళ నివాసం ఉన్నాయి. కొన్ని ఉద్యోగాలకి మినహాయింపు ఉంది గానీ, చీపురు పట్టేవాడికి లైసెన్సు దారి మూసుకుపోయినట్టే. వాడికి మిగిలేది కాళ్ళూ, బస్సూ, సైకిలు. అల్-రాయ్‌లో శుక్రవారం సంతలో పాత సైకిలు కొనుక్కుంటాడు. దానికి లైటు ఉండదు. వాడు తొక్కేది నా మాదిరి చలికాలం పొద్దుటి పూట కాదు, డ్యూటీ ఎప్పుడుంటే అప్పుడు.

మహబూలాలో ఒక బకాలా ముందు నేను సైకిలు ఆపితే, పక్కన సైకిలు నిలబెట్టిన ఒకతను నా దాన్ని కిందా పైనా చూశాడు. రాయచోటి దగ్గరి పల్లె అతనిది. మంగాఫ్‌లో పని, రోజూ సైకిలు మీదే పోయి వస్తాడు. తెలుగువాడినని తెలిశాక, "ఒకసారి తొక్కి చూడొచ్చా సార్?" అన్నాడు. పది గజాలు పోయి, కాళ్ళు ఆపబోయి, పెడలు కాలిని ఎత్తి పడేస్తే నవ్వుతూ దిగాడు.

"ఏంది సార్ ఇది, కాలు నిలపనీదు?"

దాని గుణమే అంత అన్నాను. మన కష్టానికి తగ్గట్టు పోతుంది, ఊరికే పోనివ్వదు అని కూడా ఏదో అన్నాను.

"పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వస్తాం సార్. కాళ్ళకి రవ్వంత రెస్టు దొరికేది ఈ సైకిలు మీదనే. గాలి ఎనకనించి వస్తే ఊరికే కూర్చోని పోతాము. అది గూడా తీసేస్తే ఎట్ల సార్?"

వాదించడానికేమీ లేదు. ఫ్రీవీల్ ఎందుకు కనిపెట్టారో నేను చదివిన చరిత్ర కంటే ఆయన బాగా చెప్పాడు. ఆ మాట విన్నా నాకు ఫిక్స్‌డ్ గేర్ మీద ఇష్టం తగ్గలేదు, తగ్గనక్కర్లేదు కూడా. రోజంతా కుర్చీలో కూర్చునేవాడికి కాళ్ళు ఆగనివ్వని సైకిలు మందు. రోజంతా నిలబడేవాడికి కాళ్ళు ఆపనిచ్చే సైకిలే మందు. ఒకే రోడ్డు మీద ఇద్దరం తొక్కుతున్నా, మా ఇద్దరికీ కావలసింది ఒకటి కాదు. కష్టం ఎంచుకోగలిగితే అది వ్యాయామం. ఎంచుకోలేనివాడి ముందు 'సరళమైన జీవితం' అని మాట్లాడితే అది అహంకారం. నిరాడంబరత గురించి గొప్పగా చెప్పేవాళ్ళు ముందు చూడాల్సింది, పక్కవాడికి ఆడంబరానికి అవకాశం ఎప్పుడైనా దొరికిందా అని.

అలా అని ఇద్దరికీ కలిసేది ఏమీ లేదనుకోకండి. ఉంది. కారు మీ భుజానికి జానెడు దూరంలోంచి వందా ఇరవై మీద పోయినప్పుడు ఫ్రీవీల్ ఉన్నవాడూ లేనివాడూ ఒకేలా ఊగిపోతారు. కువైట్ నేల చదునుగా ఉంటుంది, చలికాలం నాలుగైదు నెలలు హాయిగా ఉంటుంది. సైకిలుకి ఇంతకంటే అనువైన నేల ఎక్కడుంటుంది? సైకిలు దారి గురించి మాటొస్తే అందరికీ సముద్రం ఒడ్డే గుర్తొస్తుంది, షికారు కోసం. అది రావాల్సింది అబ్బాసియా, ఖైతాన్, మహబూలా, మంగాఫ్ లాంటి చోట్ల, పనివాళ్ళుండే గదులకీ పనిచేసే చోట్లకీ మధ్య. శుక్రవారం పొద్దున గుంపుగా తొక్కేవాళ్ళకి ఇక్కడ మాట వినిపించే స్థానం ఉంది. ఇంజనీర్లం, డాక్టర్లం, మేనేజర్లం. మనకోసం అడిగే దారిని వాళ్ళకోసం కూడా అడిగితే మన సైకిలు మోజుకి ఒక అర్థం ఉంటుంది.

అది ఎప్పటికయ్యేనో తెలీదు గానీ, ఈలోపు డబ్బు ఖర్చు లేని పనులు రెండున్నాయి. మీ ఇంట్లో పనిచేసే మనిషికో, మీ బిల్డింగు హారిస్‌కో సైకిలుంటే, దానికి వెనక ఎర్రలైటు, ముందు తెల్లలైటు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే కొనిపెట్టండి. ఒక పూట హోటలు భోజనం మానేస్తే సరిపోతుంది, అందుకే ఖర్చు లేదన్నాను. రెండోది, రాత్రిపూట కారు నడుపుతుంటే రోడ్డు అంచున ఒక నల్లని నీడ కదిలితే, హారను కొట్టకండి. పక్క లేన్‌లోకి పూర్తిగా జరిగి దాటండి. ఆ నీడ పన్నెండు గంటలు నిలబడి వస్తున్న మనవాడే అయ్యుండొచ్చు. గాలి అనుకూలంగా ఉండి, కాళ్ళు ఆపి, రోజు మొత్తంలో దొరికిన ఆ నాలుగు నిమిషాల విశ్రాంతిలో ఉండొచ్చు.